ఏడాదంతా కెమెరాతో తిరగాలి: రుతువుకో చోటా, ఒకేచోట అన్ని రుతువులా?

అడవిగాలి
వచ్చే ఏడాది ఉద్యోగానికి సెలవు పెడుతున్నాను. జీతం లేని సెలవే, అయినా ఇంట్లో ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళూ దొరికిన కొద్ది సెలవుల్లో పరుగెత్తి వెళ్ళి, పరుగెత్తి వచ్చి ఫోటోలు తీశాను. ఈసారి రుతువుల వెంట నిదానంగా తిరగాలని కోరిక. ప్లాన్ ఇదీ: ఫిబ్రవరిలో జపాన్ హొక్కైడోలో మంచులో క్రేన్ పక్షులు, మార్చిలో అమెరికా నెబ్రాస్కాలో ప్లాట్ నది దగ్గర శాండ్‌హిల్ క్రేన్ల వలస, జులైలో అలాస్కా బ్రూక్స్ జలపాతం దగ్గర సాల్మన్ చేపలు పట్టే ఎలుగుబంట్లు, ఆగస్టు చివర అలాస్కాలోనే దెనాలి పార్కులో టండ్రా (చెట్లు పెరగని చలి నేల) రంగులు, నవంబరులో కెనడా చర్చిల్‌లో ధ్రువపు ఎలుగులు.

నా బాధేంటంటే, ఎవరిని అడిగినా ఒక క్యాలెండర్ చేతిలో పెడుతున్నారు. "ఫలానా వారం వెళ్ళు, ఫలానా చోట నిలబడు" అంటారు. ఆ చోట, ఆ వారం తీసిన ఫోటోలు నెట్‌లో వెతికితే అన్నీ ఒకటే ఫ్రేమ్. ఏడాది పెట్టి, దాచుకున్న డబ్బు పెట్టి నేనూ అదే ఫ్రేమ్ తెచ్చుకోవాలా? ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఎక్కడ ఎన్నాళ్ళు ఉండాలి? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మంచుదారి
ప్లాన్ బాగుంది. హొక్కైడోకి మాత్రం కనీసం రెండు వారాలు పెట్టుకోండి. అందరూ చూపించే ఆ ఫోటో త్సురుయి దగ్గర ఓతోవా వంతెన మీద నుంచి తీసేది. సెత్సురి నది చలికాలంలోనూ గడ్డకట్టదు. చలి ముదిరిన రాత్రి నీళ్ళ మీద నుంచి ఆవిరి లేచి, ఒడ్డున ఉన్న చెట్ల కొమ్మలకు తెల్లగా పేరుకుంటుంది. క్రేన్లు ఆ నీళ్ళలోనే నిలబడి నిద్రపోతాయి. అయితే చలి మైనస్ 20 దరిదాపుల్లో ఉండాలి, ఆకాశం తేటగా ఉండాలి, గాలి ఉండకూడదు. ఏ ఒక్కటి కుదరకపోయినా మామూలు నది, మామూలు చెట్లు. రెండు రోజులకని వెళ్ళినవాళ్ళలో చాలామంది వంతెన మీద వణికి వచ్చేయడమే.

త్రిపాది
వంతెన మీద ట్రైపాడ్ పెట్టే చోటు కావాలంటే చీకట్లోనే వెళ్ళాలి. అది కూడా చెప్పండి మంచుదారి గారూ.

మంచుదారి
నిజమే, తెల్లారాక వెళ్తే ముందువాళ్ళ టోపీలే ఫ్రేమ్‌లో పడతాయి. ఇంకో సంగతి. నెత్తిన ఎర్రమచ్చ ఉండే ఈ క్రేన్లు జపాన్‌లో ఇక లేవనే ఒకప్పుడు అనుకున్నారు. 1924లో కుషిరో చిత్తడి నేలల్లో చిన్న గుంపు కంటపడింది. తర్వాత చలికాలంలో స్థానికులు మొక్కజొన్న గింజలు వేసి కాపాడుకొచ్చారు. ఈ కథ తెలిసి చూస్తే ఆ తోపులాటలో నిలబడటం కూడా చిరాకు అనిపించదు.

వలసపక్షి
ఇంకేది తీసేసినా సరే, ప్లాట్ నదిని తీసేయకండి. మార్చి మధ్య నుంచి నెలాఖరు దాకా అక్కడ ఐదు లక్షలకు పైగా శాండ్‌హిల్ క్రేన్లు దిగుతాయి. ఈ జాతిలో ఎక్కువ భాగం ఆ నది మీద ఆ కొద్ది దూరంలోనే ఆగుతుంది. పగలంతా కోతలైపోయిన చేలల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకుని ఒళ్ళు చేస్తాయి. ముందు కెనడా, అలాస్కా, కొన్నయితే సైబీరియా దాకా ఎగరాలి కదా. పొద్దు వాలాక నదికి వస్తాయి. నది అక్కడ వెడల్పే తప్ప లోతు లేదు, ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా పారుతుంది. ఆ పల్చటి నీళ్ళలో నిలబడి రాత్రి గడుపుతాయి. కయోటీ (నక్క లాంటి జంతువు) ఏదైనా వస్తే నీళ్ళ చప్పుడుకే పసిగట్టేస్తాయి.

మనం ఉండేది ఒడ్డున చెక్కతో కట్టిన హైడ్‌లో, అంటే పక్షులకు కనబడకుండా కూర్చునే గదిలో. చీకటి ఉండగానే లోపలికి వెళ్ళాలి, పక్షులు లేచిపోయేదాకా బయటికి రాకూడదు. ఫ్లాష్ వద్దు, ఫోన్ వెలుగు వద్దు, కెమెరా వెనక స్క్రీన్ కూడా ఆపేయాలి. మొదట ఏమీ కనబడదు. చప్పుడే. ఎక్కడో ఒకటి గొంతు గరగరలాడిస్తుంది, దాని జోడు బదులిస్తుంది, అలా నది పొడుగునా పాకుతుంది. తూర్పున కాస్త బూడిదరంగు వచ్చేసరికి నది మధ్యలో మేటలు అనుకున్నవి కదులుతాయి. అవి మేటలు కావు, పక్షులు!

ఫోటో విషయానికొస్తే, అందరూ షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టి రెక్కలు ఆపాలని చూస్తారు. ఆ వెలుగులో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పైకి పోయి ఫోటో గింజలు గింజలుగా వస్తుంది. 1/15 పెట్టి, పక్షులతోపాటు కెమెరా తిప్పండి. తల ఒక్కటి కాస్త నిలిచి, రెక్కలు గీతలైపోతే ఆ ఉదయం ఎలా అనిపించిందో అలా ఉంటుంది. మీరు భయపడే "అదే ఫ్రేమ్" కూడా అక్కడ రాదు, ఎందుకంటే ఏ రెండు లేవడాలూ ఒకలా ఉండవు. ఒకరోజు ఒక్కొక్క కుటుంబంగా లేస్తాయి. ఇంకోరోజు బట్టతల డేగ పైనుంచి పోతే నది మొత్తం ఒక్కసారి లేస్తుంది.

పాత_లెన్స్
వలసపక్షి రాసింది చదివాక కాదనడానికి మనసు రావట్లేదు, అయినా చెప్పాలి. అడవిగాలి, నీ ప్లాన్‌లో ఐదు చోట్లు ఉన్నాయి, అన్నీ పతాక స్థాయిలో ఉన్నప్పుడే. క్రేన్లు ఎక్కువ ఉన్నప్పుడు, సాల్మన్లు ఎక్కువ ఉన్నప్పుడు, ఆకులు ఎర్రగా ఉన్నప్పుడు. దాన్ని రుతువుల వెంట తిరగడం అనరు. రుతువంటే మారడం. మంచు కరిగి బురదయ్యే వారాన్ని ఎవరూ తీయరు. ఆకు రాలిపోయి మంచు ఇంకా పడని నవంబరు అడవిని ఎవరూ తీయరు. మన ఫోటోలన్నీ ఒకలా ఉండటానికి మూలం అక్కడుంది.

అమెరికా ఫోటోగ్రాఫర్ జిమ్ బ్రాండెన్‌బర్గ్ 1994లో ఏం చేశాడో గుర్తు చేసుకో. సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున మొదలుపెట్టి, డిసెంబరులో అతి పొట్టి పగలు వచ్చేదాకా 90 రోజులు, రోజుకు ఒక్కటే ఫోటో. రెండో క్లిక్ లేదు. అదీ ఉత్తర మిన్నెసోటాలో తాను ఉండే అడవిలోనే. ప్రపంచమంతా తిరిగినవాడు, తిరగడం చేతకాక కాదు. ఒకేచోట రోజులు ఎలా పొట్టివవుతాయో ఆ వరసలో కనబడుతుంది.

ఒక భూమి ఎంచుకో. నాలుగు రుతువులూ అక్కడికే వెళ్ళు.

సాల్మన్_కాలం
పాత_లెన్స్ గారు చెప్పేది అడవి పక్కనే ఇల్లున్నవాళ్ళకి చెల్లుతుంది. బ్రాండెన్‌బర్గ్‌కి గుమ్మం దిగితే అడవి. జీవితంలో ఒక్కసారి ఏడాది సెలవు దొరికిన మనిషికి "బురద తియ్యి" అని ఎలా చెప్తాం? బ్రూక్స్ జలపాతం దగ్గర ఎలుగులు గుంపుగా నిలబడేది సాల్మన్లు ఎదురీదే జులైలో. ఆగస్టుకు చాలావరకు చెదిరిపోతాయి, సెప్టెంబరులో చచ్చిన చేపల కోసం మళ్ళీ వస్తాయి, ఒళ్ళు రెట్టింపైనట్టు కనబడతాయి. మే నెలలో వెళ్తే నది, జలపాతం, అంతే. ప్రకృతే ఒక వారం పెట్టింది, ఆ వారం వెళ్ళడం తప్పెలా అవుతుంది?

పాత_లెన్స్
తప్పనలేదు. ఆ వారమే రుతువు అనుకోవద్దంటున్నాను.

నీలిఘడియ
ఇద్దరిదీ కలిపితే సరిపోతుంది కదా. రెండు చోట్లు, ఒక్కోచోటికి రెండేసి సార్లు. జులై బ్రూక్స్, సెప్టెంబరు బ్రూక్స్. అదే ఎలుగు సన్నగా ఒకసారి, బండలా ఒకసారి.

సాల్మన్_కాలం
అది నచ్చింది. అక్కడ రద్దీ సంగతి కూడా చెప్పేస్తాను. జలపాతం పక్కన ప్లాట్‌ఫామ్ మీద ఒకేసారి 40 మందికే చోటు, జనం ఎక్కువుంటే గంటకోసారి దిగి మళ్ళీ పేరు రాయించుకోవాలి. దిగగానే ఎలుగుల మధ్య ఎలా మెలగాలో క్లాసు చెప్తారు, అది వినకుండా అడుగు కదలనివ్వరు. అందరూ నోరు తెరిచిన చేపనే తీస్తుంటే, మీరు నది దిగువన నడవండి. పిల్లలున్న తల్లి ఎలుగులు పెద్ద మగవాటికి భయపడి జలపాతానికి దూరంగా ఉంటాయి. అసలు కథ అక్కడుంటుంది.

అడవిగాలి
ఒకేచోట అంటే ఏ చోటు, పాత_లెన్స్ అన్నా? నాలుగు రుతువులూ తీయడానికి పని ఉండే చోటు పేరు చెప్పండి. మీ మాట తలకెక్కుతోంది.

పాత_లెన్స్
అమెరికాలో ఎల్లోస్టోన్. 1872 నుంచి జాతీయ పార్కు, ఫోటోలు తీసి తీసి అరిగిపోయిందని అంటారు. అరిగిపోయింది జులై ఎల్లోస్టోన్. మిగతా నెలలు అంతగా ఎవరూ ముట్టుకోలేదు.

చలికాలంలో మామూలు బండ్లకు దాదాపు అన్ని రోడ్లూ మూసేస్తారు. ఉత్తరాన గార్డినర్ నుంచి కుక్ సిటీ దాకా ఒక్క రోడ్డు మాత్రం ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది. అది లమార్ లోయ గుండా పోతుంది. అక్కడ బైసన్‌ని (అమెరికా అడవిదున్నని) చూడాలి. మూపు అంత ఎత్తుగా ఉండేది ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఆ కండల బలంతో తలను అటూ ఇటూ ఊపుతూ మంచును తోసి కింద గడ్డి అందుకుంటుంది. ముఖమంతా మంచు ముద్ద, కనురెప్పల వెంట్రుక వెంట్రుకకీ నూగులా తెల్లటి గడ్డ. వీపు మీద పడ్డ మంచు కరగనే కరగదు. లోపలి వేడి బయటికి పోకుండా ఆ ఉన్ని అంత దట్టంగా పట్టుకుంటుంది. కరగని ఆ మంచు ఒక్కటి తీస్తే చాలు, చలి గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

తోడేళ్ళు కూడా అప్పుడే బాగా కనబడతాయి. ఆ పార్కులో అవి లేకుండా పోతే 1995లో కెనడా నుంచి 14, మరుసటి ఏడాది ఇంకో 17 తెచ్చి వదిలారు. అయితే దూరంగా, తెల్లటి కొండవాలు మీద నల్ల చుక్కల్లా ఉంటాయి. చుక్కల్లాగే తీయి. ఆ లోయ ఎంత పెద్దదో ఆ చుక్కలే చెప్తాయి.

వసంతం అంటే ఏప్రిల్ చివర, మే. బైసన్ దూడలు పుడతాయి, ఇటుక ఎరుపు రంగులో. రెండు మూడు నెలలకల్లా ఆ ఎరుపు పోయి గోధుమరంగు తిరుగుతుంది. పిల్లలతో ఎలుగులు బయటికొస్తాయి. ఒక రోజులోనే మంచు, ఎండ, వడగళ్ళు అన్నీ పడతాయి. పచ్చగడ్డి మొలక, పక్కనే చలికి చచ్చిన ఎల్క్ (పెద్ద దుప్పి) ఎముకలు, వాటి మీద కాకులు. వసంతం అంటే పువ్వులే అనుకునేవాళ్ళు ఇది చూడాలి.

శరత్తు గురించి రాస్తే తెల్లారిపోతుంది. సెప్టెంబరులో మగ ఎల్క్‌లు అరుస్తాయి. అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నటి ఈల ఎలా వస్తుందో! చల్లటి పొద్దున్న అరిచినప్పుడు ఊపిరి పొగలా కనబడుతుంది. సూర్యుడు జంతువు వెనక ఉండేలా నిలబడితే అరుపుని ఫోటో తీసినట్టే.

త్రిపాది
ఎండాకాలాన్ని ఎగ్గొట్టేశారు అన్నా.

పాత_లెన్స్
జనం, ఎర్రటి ఎండ, కార్చిచ్చు పొగ. ఆ రోజుల్లో నేనైతే కెమెరా శుభ్రం చేసుకుంటాను.

నీలిఘడియ
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. గ్రాండ్ ప్రిస్మాటిక్ వేడినీటి బుగ్గ రంగులు కనబడేది ఎండాకాలంలోనే. చలిలో ఆవిరి మొత్తం కప్పేస్తుంది. ఆ నారింజ, పసుపు రంగులు నీళ్ళవి కావు, అంచుల్లో వేడిని తట్టుకుని బతికే సూక్ష్మజీవులవి. ఎండ ఎక్కువున్న కాలంలో అవి ఎరుపు, నారింజ వైపు తిరుగుతాయి, చలికాలంలో పచ్చదనం పెరుగుతుంది. అంటే ఆ బుగ్గకీ రుతువులున్నాయి! అన్ని రుతువులూ తీయమని చెప్పే మీరే ఒకటి వదిలేస్తే ఎలా?

పొగ కూడా సబ్జెక్టే. 1988 కార్చిచ్చు పార్కులో మూడో వంతుకు పైగా తాకింది. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ చెట్ల కాయల్లో కొన్ని నిప్పు వేడి తగిలితేనే విచ్చుకుంటాయి. ఇవాళ రోడ్డు పక్కన గోడ కట్టినట్టు ఒకే ఎత్తులో కనబడే పైన్లు ఆ నిప్పుకి పుట్టినవే.

పాత_లెన్స్
బుగ్గ సంగతి ఒప్పుకుంటున్నాను. అడవిగాలి, ఆగస్టు కూడా కలుపుకో. బైసన్ మగవి కొట్టుకునేదీ అప్పుడే, ఆ దుమ్ములో సాయంత్రపు వెలుగు బాగుంటుంది.

గడ్డిమైదానం
అందరూ చలిదేశాలే చెప్తున్నారు. వేడి నేలల్లో రుతువు అంటే వాన. ఆఫ్రికాలో సెరెంగెటిలో పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు (గడ్డి మేసే పెద్ద జింక జాతి) ఏడాదంతా వాన వెంటే తిరుగుతాయి. ఫిబ్రవరిలో దక్షిణాన న్దుటు చుట్టూ పొట్టిగడ్డి మైదానాల్లో ఈనుతాయి, జులై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన మారా నది దాటుతుంటాయి. నది దాటే ఫోటో కోసం బండ్లు ఒడ్డున బారులు తీరి, కొన్నిసార్లు గుంపుకి దారే లేకుండా చేస్తాయి. నాకది చూడబుద్ధి కాదు. న్దుటులో అయితే పుట్టిన దూడ కాసేపట్లోనే లేచి కాళ్ళు తడబడుతూ తల్లి వెంట పరుగెడుతుంది. అదే మైదానానికి వానల్లేని నెలల్లో వెళ్తే ఖాళీ, దుమ్ము. ఆ ఖాళీని తీసినవాళ్ళు తక్కువ. పాత_లెన్స్ గారి మాట అక్కడా నిజమే.

అడవిగాలి
ఇలా చెప్తే ఒక ఏడాది చాలేట్టు లేదు! సరే, చలి గురించి అడుగుతాను. మైనస్ 20లో కెమెరా పరిస్థితి ఏంటి? అదొక్కటే నాకు టెన్షన్.

రెండో_బ్యాటరీ
కెమెరా మామూలుగా తట్టుకుంటుంది. ఇబ్బంది పెట్టేది బ్యాటరీ. చలికి దాని లోపల రసాయన చర్య మందగిస్తుంది, నిండుగా ఉన్నది కూడా ఖాళీ అని చూపిస్తుంది. స్పేర్‌లు లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనుకుని ఉంచుకోండి. అయిపోయిందని తీసిన బ్యాటరీని పారేయకుండా జేబులో వేస్తే కాసేపటికి మళ్ళీ కొంత పని చేస్తుంది.

అంతకన్నా ముఖ్యం, లోపలికి వచ్చేటప్పుడు. చల్లగా గడ్డకట్టిన కెమెరాని వెచ్చటి గదిలోకి తెస్తే గదిలో తేమంతా దాని మీదే చేరుతుంది. లెన్స్ లోపలి అద్దాల మీద సన్నటి నీటి పొర పట్టిందంటే ఇక ఆ రోజుకి అంతే. బయట ఉండగానే జిప్ కవర్లో పెట్టి, గాలి పోయేలా నొక్కి మూసి, అప్పుడు లోపలికి తేవాలి. గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవద్దు. మెమరీ కార్డు మాత్రం మూసే ముందే తీసుకోండి, లేకపోతే ఫోటోలు చూసే ఆత్రం కవర్ తెరిపిస్తుంది.

ఇసుకతిన్నె
నా సలహా అయితే రాత్రంతా కెమెరాని బండిలోనే వదిలేయడం. లోపలికి తేకపోతే తేమ గొడవే లేదు. బ్యాటరీలు, కార్డు తెచ్చుకుంటే చాలు.

రెండో_బ్యాటరీ
దొంగల భయం లేని చోటైతే సరే.

త్రిపాది
మంచు మీద ఎక్స్‌పోజర్ ఎవరూ చెప్పలేదు. కెమెరా లోపలి మీటర్ దేన్నైనా మధ్యస్థ బూడిదరంగుగా చేయాలని చూస్తుంది, అందుకే మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, ఒకటిన్నర స్టాప్ పెంచండి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) కుడి అంచుకి దగ్గరగా రావాలి, అంచుని గుద్దుకోకూడదు. అల్యూమినియం ట్రైపాడ్ కాళ్ళని ఉత్త చేత్తో పట్టుకోవద్దు.

మంచుదారి
వ్యూఫైండర్ మీద ఊపిరి పడితే అక్కడే గడ్డకడుతుంది. కంటి దగ్గర పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇసుకతిన్నె
ఎడారి తరఫున కూడా ఒక మాట. డెత్ వ్యాలీ అమెరికాలో అన్నిటికన్నా పల్లపు చోటు, బాడ్‌వాటర్ దగ్గర సముద్ర మట్టానికి 86 మీటర్లు కింద. 2005లో, 2016లో అక్కడ నేలంతా పసుపు పూలు పరుచుకున్నాయి. ముందు శరత్తులో, చలికాలంలో సరైన సమయానికి వానలు పడితేనే అలా పూస్తుంది. ఏ క్యాలెండరూ చెప్పలేదు, విత్తనం మాత్రం ఏళ్ళ తరబడి కాసుకుని ఉంటుంది. పూలు లేని ఏడాది వెళ్ళండి, పగుళ్ళు తీసిన బురద పలకలు చూడండి. అంచులు పైకి చుట్టుకుని ఉంటాయి, పొద్దు వాలే వేళ ఒక్కో పలకకీ ఒక్కో నీడ.

పూల పిచ్చి ఎంత చేటో కూడా చెప్పాలి. 2019లో కాలిఫోర్నియా లేక్ ఎల్సినోర్ దగ్గర వాకర్ కాన్యన్ కొండల్లో పాపీలు విరగబూస్తే, ఫోటోల కోసం వచ్చిన జనానికి తట్టుకోలేక దారే మూసేయాల్సి వచ్చింది. పూల మధ్య పడుకుని దిగిన ఫోటో ఒక్కటి వెయ్యిమందిని రప్పిస్తుంది. అందుకే నేను చోటు పేరు పెట్టను. "ఎక్కడ?" అని ఎవరడిగినా చెప్పను, వాళ్ళకి కోపం వచ్చినా సరే.

వలసపక్షి
పక్షి గూళ్ళు, నక్కల బొరియలకైతే మీరన్నది నూటికి నూరు పాళ్ళు. పెద్ద పార్కుల పేర్లు దాచి లాభం లేదు కానీ గుడ్లగూబ గూడు ఎక్కడుందో చెప్పడం దాని పిల్లల్ని ప్రమాదంలో పెట్టడమే.

త్రిపాది
ఫోటోలోనే లొకేషన్ వివరాలు దాక్కుని ఉంటాయి. అప్‌లోడ్ చేసే ముందు అవి తీసేయండి. చాలామందికి ఆ సంగతే తెలియదు.

తెల్లఒడ్డు
దూరం గురించి కూడా. ఎల్లోస్టోన్‌లో ఎలుగులు, తోడేళ్ళకు 91 మీటర్లు, బైసన్, ఎల్క్ లాంటి వాటికి 23 మీటర్లు కనీసం. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2025 నుంచి ధ్రువపు ఎలుగుకి 300 మీటర్ల దూరం తప్పనిసరి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అయితే 500. అక్కడికి వెళ్ళే ఫోటోగ్రాఫర్లలో కొందరు గొణిగారు. నాకైతే సరైన నియమమే అనిపించింది. ఆ నెలల్లో తల్లులు చిన్న పిల్లలతో ఉంటాయి. 500 మీటర్ల దూరంలో ఎలుగు చిన్నదై, మంచు పెద్దదవుతుంది. అది నిజమైన చిత్రమే కదా.

సాల్మన్_కాలం
ఈ మాట వచ్చినప్పుడల్లా ఫోటోగ్రాఫర్ మిచియో హొషినో గుర్తొస్తాడు. జపాన్ నుంచి 1978లో అలాస్కా చదువుకి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. కారిబూలు (ఉత్తర ధ్రువపు దుప్పులు), ఎలుగులు, తిమింగలాలు, అక్కడి మనుషులు, అన్నీ ఓపిగ్గా తీశాడు. ఎలుగుల గురించి ఆయనకు తెలిసినంత తెలిసినవాళ్ళు అరుదు. 1996 ఆగస్టులో రష్యా కమ్చాట్కాలో కురిల్ సరస్సు దగ్గర టెంట్లో ఉండగా ఎలుగు దాడిలోనే పోయాడు. 43 ఏళ్ళు. అనుభవం ఉంది కాబట్టి ఏం కాదులే అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

పాత_లెన్స్
ఆయన ఫోటోల్లో జంతువు ఎప్పుడూ చిన్నదే, నేల పెద్దది. తెల్లఒడ్డు అన్నదే. కారిబూల గుంపు ఎప్పుడొస్తుందో తెలియకుండా టండ్రాలో డేరా వేసుకుని కూర్చునేవాడు. వేచి ఉండటమే ఆయన పని.

నీలిఘడియ
అడవిగాలి గారూ, దెనాలి గురించి ఎవరూ చెప్పలేదు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా రంగు ఉంటుంది. అక్కడ రంగు చెట్ల మీద కాదు, కాళ్ళ కింద. మరగుజ్జు బర్చ్ పొద మోకాలి ఎత్తు కూడా ఉండదు, బ్లూబెర్రీ ఆకు వేలి గోరంత. మోకాళ్ళ మీద వంగి చూస్తే ఒకే ఆకులో ఈనె పచ్చగా, మధ్య నారింజ, అంచు ముదురు ఎరుపు. అదే లక్షల సార్లు పరుచుకుంటే కొండ మొత్తం రగిలినట్టుంటుంది. ఉత్తరాన సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి బంగారు వెలుగు చాలాసేపు నిలుస్తుంది. రాత్రి చీకటి తిరిగి వచ్చేదీ అప్పుడే, అరోరా (ఆకాశంలో కదిలే రంగుల వెలుగు) మొదలవుతుంది.

ప్రెట్టీ రాక్స్ దగ్గర నేల జారడంతో పార్కు లోపలి రోడ్డుని 2021 ఆగస్టులో 43వ మైలు నుంచి అవతలికి మూసేశారు. ఆ తర్వాతి ప్లాన్లు పాత గైడ్‌లు చూసి వేయకండి, పార్కు వాళ్ళ తాజా ప్రకటన చూడండి.

దారిరాయి
ఒకేచోటు వాదనకి నాదొక పద్ధతి. ఒక ఫ్రేమ్ ఎంచుకుని, రుతువు మారినప్పుడల్లా అక్కడే నిలబడి తీస్తాను. గుర్తుండిపోతుంది అనుకుంటే కుదరదు. నేల మీద రాయి గుర్తు, ట్రైపాడ్ ఎత్తు, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత జూమ్‌లో ఉందో), కెమెరా చూసే దిక్కు, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మొదటి ఫోటోని ఫోన్‌లో పెట్టుకుని, అంచుల్లో ఏ కొమ్మ ఎక్కడ ఆగిందో చూస్తూ ఫ్రేమ్ సరిచేయాలి. చలికాలంలో మంచు మీద నిలబడతాం కాబట్టి మనమే ఎత్తుగా ఉంటాం, ట్రైపాడ్ ఆ మేరకు దించాలి. నాలుగూ పక్కపక్కన పెడితే మనం కలలో కూడా అనుకోనిది బయటపడుతుంది. నా వరసలో వాగు తన దారే కొద్దిగా మార్చుకుంది.

గడ్డిమైదానం
దారిరాయి, ఇది ఇవాళే మొదలుపెడతాను.

అడవిగాలి
మొత్తం రెండుసార్లు చదివాను. సాల్మన్_కాలం గారి మాట, పాత_లెన్స్ అన్న మాట రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవని అర్థమైంది. ఇలా మార్చాను: ఫిబ్రవరిలో లమార్ లోయ, మార్చిలో ప్లాట్ నది, మే మొదట్లో మళ్ళీ ఎల్లోస్టోన్, ఆగస్టు చివర వేడినీటి బుగ్గలూ బైసన్‌లూ, సెప్టెంబరు నెలంతా ఎల్క్‌లు. వీలైతే నవంబరు మొదట్లో ఆకులన్నీ రాలాక ఒక వారం. దారిరాయి గారి పద్ధతిలో రెండు ఫ్రేమ్‌లు ఎంచుకుని ప్రతిసారీ తీస్తాను. హొక్కైడో, బ్రూక్స్, దెనాలి, చర్చిల్ తీసేశాను.

మంచుదారి
హొక్కైడో తీసేశారా! క్రేన్ల తరఫున నా నిరసన నమోదు చేసుకోండి.

త్రిపాది
చర్చిల్ ఎలుగులు అలుగుతాయి.

తెల్లఒడ్డు
చర్చిల్ ఈసారికి ఆగడమే మంచిది. అవి హడ్సన్ అఖాతం గడ్డకట్టడం కోసం ఒడ్డున ఎదురుచూస్తుంటాయి, ఐసు కట్టగానే సీల్ వేటకి వెళ్ళిపోతాయి. ఆ ఐసు ఎప్పుడు కడుతుందో ఏ ఏడాదికా ఏడాదే. ఒక్క వారం పెట్టుకుని వెళ్తే ఆ ఎదురుచూపు తీయలేరు.

సాల్మన్_కాలం
బ్రూక్స్ పోయినందుకు బాధే, కానీ ఈ ప్లాన్ బాగుంది. ఒప్పుకుంటున్నాను. ఎలుగులు మేలో లమార్‌లోనూ కనబడతాయి.

వలసపక్షి
ప్లాట్ మిగిలింది, అది చాలు. హైడ్‌లో చోటు చాలా ముందుగా నిండిపోతుంది, ఇప్పుడే చూసుకోండి.

పాత_లెన్స్
మే మొదట్లో వెళ్ళేటప్పుడు ఒకటి చూసుకో. పార్కు మధ్య రోడ్లు ఏప్రిల్ మధ్య నుంచి ఒక్కొక్కటే తెరుస్తారు, డన్‌రావెన్ కనుమ మాత్రం మే చివరిదాకా మంచులోనే ఉంటుంది. మ్యాప్‌లో దగ్గరే అనిపిస్తుంది కానీ దక్షిణం నుంచి లమార్‌కి అటుగా దారి ఉండదు. పార్కు ఉత్తరాన ఉన్న మామత్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. అందుకే గార్డినర్ వైపే బస చూసుకో. నవంబరు మొదట్లోనూ అంతే, లోపలి రోడ్లు మూసేస్తారు, ఉత్తరపు రోడ్డే మిగులుతుంది. నీ రెండు ఫ్రేమ్‌లూ ఆ రోడ్డు మీదే ఎంచుకుంటే ఏడాదంతా అందుతాయి.

అడవిగాలి
సరే అన్నా, రెండూ ఆ రోడ్డు మీదే. గార్డినర్‌లో బస కోసం ఇవాళే చూస్తాను.